కాలు బెణికితే ఏం చేయాలి? మొదటి గంట నుంచి ఆరో వారం దాకా

చెన్నైలో అక్టోబరులో వానలు మొదలయ్యాయంటే డిసెంబరు చివరిదాకా నా ఫోనుకు ఒకటే ప్రశ్న. "మేడమ్, కాలు మడత పడింది, బాగా వాచింది. ఎక్స్‌రే తీయించాలా, పుత్తూరు కట్టు కట్టించుకోవాలా, ఊరికే ఉంటే తగ్గిపోతుందా?" అడిగేవాళ్లలో తరమణి ఐటీ కంపెనీల పిల్లలుంటారు, షావుకారుపేట కొట్లలో రోజంతా నిలబడి పనిచేసేవాళ్లుంటారు, మనవణ్ణి చూసుకోవడానికి నెల్లూరు నుంచి వచ్చిన అమ్మమ్మలుంటారు. నీళ్లు నిలిచిన రోడ్డులో గుంత కనబడదు. మెట్రో పనులకు తవ్విన చోట ఫుట్‌పాత్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. బస్సు దిగే తొందరలో అడుగు సగం గట్టు మీద, సగం గాల్లో పడుతుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. ఫోనులో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే మొదటి గంట నుంచి మళ్లీ మామూలుగా నడిచేదాకా మొత్తం వరసగా రాస్తే నలుగురికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదవండి. చాలామంది మొదటి మూడు రోజుల పని బాగానే చేస్తారు. మూడో వారం పనే వదిలేస్తారు. అదే కాలు మళ్లీ మళ్లీ బెణకడానికి కారణం ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ముందు మీ చీలమండను ఒకసారి పట్టుకుని చూడండి. రెండు పక్కలా గుండ్రంగా పొడుచుకొచ్చిన ఎముకలున్నాయి కదా, వాటిని గిలకలంటారు. బయటి గిలక లోపలి గిలక కంటే కాస్త కిందికి, కాస్త వెనక్కి ఉంటుంది. బయటి వైపు ఎముక అలా అడ్డం ఉండటం వల్ల పాదం లోపలికి మడత పడినంత తేలికగా బయటికి తిరగదు. లోపలికి మడత పడినప్పుడు బయటి గిలకను పాదానికి కట్టి ఉంచే మూడు లిగమెంట్లు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. ముందు దెబ్బ తినేది గిలకకు ముందువైపున్న పలచటి లిగమెంటు. నొప్పి అక్కడే, గిలకకు కాస్త ముందు, కాస్త కింద ఉంటే అది మామూలు బెణుకు అయ్యే అవకాశం ఎక్కువ. "నరం మడత పడింది" అంటుంటారు గానీ ఇందులో నరం మడత పడటమంటూ ఏమీ లేదు. సాగిన లిగమెంటును ఎవరూ చేత్తో లాగి "సరిచేయలేరు" కూడా.

కావలసినవి

- 10 సెంటీమీటర్ల వెడల్పున్న క్రేప్ బ్యాండేజీ ఒకటి. పాదం చిన్నదైతే 8 సెంటీమీటర్లది.
- ఐసు. లేకపోతే ఫ్రీజర్లో గడ్డకట్టిన పాల ప్యాకెట్టు, బఠాణీల ప్యాకెట్టు.
- పలచటి తువ్వాలు, రెండు దిళ్లు.
- చేతికర్ర. దొరక్కపోతే రెండు రోజులు ఇంట్లో గోడ పట్టుకుని నడవొచ్చు. గొడుగును కర్రలా వాడకండి, జారుతుంది.
- మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు, లేదా లేసులున్న బూట్లు.
- రెండో వారానికి ఎక్సర్‌సైజు రబ్బరు పట్టీ. పాత సైకిల్ ట్యూబు ముక్క కూడా అంతే పనిచేస్తుంది.

1. ముందు ఇది బెణుకేనా, ఇంకేమైనానా చూడండి

కింద పడిన మనిషిని లేవదీసే ముందు ఒక్క నిమిషం ఆగండి. చీలమండ ఆకారమే మారిపోయినా, చర్మం చీలి ఎముక కనబడుతున్నా, వేళ్లు చల్లబడి తెల్లగానో నీలంగానో మారినా, ముట్టుకుంటే స్పర్శ తెలియకపోయినా 108కి ఫోన్ చేయండి. లాగి సరిచేయడానికి ప్రయత్నించకండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు, కాబట్టి తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి.

పెద్దవాళ్లు పడితే చూపు చీలమండతో ఆపకండి. గజ్జల్లో నొప్పి అంటున్నారా, ఒక కాలు రెండోదాని కంటే పొట్టిగా కనబడుతోందా, పడుకోబెడితే పాదం బయటికి తిరిగిపోయిందా? అయితే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. "నెమ్మదిగా లేచి నాలుగడుగులు వేయమ్మా" అనకండి. పడుకున్నచోటే ఉంచి అంబులెన్సు పిలవండి. మోకాలు మెలిక పడి రెండు మూడు గంటల్లోపే బుస్సున వాచినా, వంగిన మోకాలు చాపడానికి రాకపోయినా ఈ వ్యాసంలోని ఎక్సర్‌సైజులు మీకు కాదు. ఎముకల డాక్టరుకు చూపించాలి.

2. ఎక్స్‌రే కావాలా? వేలితో నొక్కి తెలుసుకోండి

వాపు ఎంత ఉందన్నదాన్ని బట్టి ఎముక విరిగిందో లేదో చెప్పలేం. కోడిగుడ్డంత వాచినా ఎముక బాగానే ఉండొచ్చు, కాస్తే వాచినా పగులు ఉండొచ్చు. కెనడాలోని ఒట్టావా నగరం డాక్టర్లు 1992లో దీనికి ఒక పద్ధతి ప్రచురించారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఎమర్జెన్సీ విభాగాల్లో దాన్నే వాడుతున్నారు. ఇంట్లో కూడా చూసుకోవచ్చు.

మొదట నడక. దెబ్బ తగిలిన వెంటనే నాలుగడుగులు వేయగలిగారా? ఇప్పుడు వేయగలరా? కుంటినా పరవాలేదు, ఒక్కో కాలు మీద రెండేసి సార్లు బరువు పడితే చాలు. రెండుసార్లూ చేతకాలేదంటే ఎక్స్‌రే తీయించాలి.

తర్వాత వేలు. అరచేత్తో తడిమితే తెలియదు. చూపుడు వేలి కొసతో ఎముక మీదే గట్టిగా నొక్కాలి. ఈ నాలుగు చోట్లు:

- బయటి గిలక వెనక అంచు, కొస నుంచి పైకి సుమారు 6 సెంటీమీటర్లు, అంటే దాదాపు నాలుగు వేళ్ల వెడల్పు.
- లోపలి గిలక వెనక అంచు, అంతే ఎత్తు దాకా.
- పాదం బయటి అంచు మధ్యలో, చిటికెన వేలి నుంచి మడమ వైపు సగం దూరం వెళ్తే ఉబ్బెత్తుగా తగిలే ఎముక.
- పాదం లోపలి వైపు, లోపలి గిలకకు ముందు, కాస్త కిందుగా తగిలే ఎముక.

వీటిలో ఏ ఒక్కచోట నొక్కినా ప్రాణం లాగేసినట్టు నొప్పి వస్తే ఎక్స్‌రే తీయించండి. ఎక్కడా లేకుండా, నడవగలిగితే విరగకపోయి ఉండే అవకాశమే చాలా ఎక్కువ.

మూడో చోటు గురించి ఒక మాట. హోటల్ వంటగదిలో పనిచేసే ఒకతను బెణికిన తొమ్మిది రోజులకు నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఒకచోట రోజూ ఆముదం రాసి కాలు నీవించుకుంటున్నాడు. గిలకల మీద నొక్కితే ముఖంలో మార్పు లేదు. పాదం అంచున ఆ ఉబ్బెత్తు ఎముక మీద వేలు పెట్టగానే కాలు వెనక్కి లాక్కున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్స్‌రేలో పగులు స్పష్టంగా కనబడింది. కాలు మడత పడినప్పుడు పిక్క నుంచి వచ్చి ఆ ఎముకకు అతుక్కునే కండరం గట్టిగా లాగుతుంది, ఆ లాగుడుకు ముక్క ఊడి వస్తుంది. చీలమండ చుట్టూనే చూసి ఊరుకుంటే ఇది దొరకదు. అందుకే నాలుగు చోట్లూ నొక్కండి.

ఈ వేలి పరీక్షను నమ్మకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. చిన్నపిల్లలు (వాళ్ల ఎముకల చివర పెరిగే భాగం మెత్తగా ఉంటుంది, లిగమెంటు కంటే ముందు అదే దెబ్బ తింటుంది), మందు తాగి ఉన్నవాళ్లు, షుగరు వల్ల పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్లు, దెబ్బ తగిలి పది రోజులు దాటినవాళ్లు. వీళ్లు నేరుగా డాక్టరుకు చూపించుకోవాలి. షుగరున్నవాళ్లకు మరీ మరీ చెబుతున్నాను: పాదం వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే వేడిగా ఉండి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అది మంచి లక్షణం అనుకోకండి. లోపల ఎముకలు కూలిపోతూ ఉండొచ్చు. ఆ కాలు మీద బరువు పెట్టకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

చెన్నైలో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలంటే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా రాజీవ్ గాంధీ జనరల్ ఆసుపత్రి, ఉత్తరాన స్టాన్లీ, ఇంకా కీల్పాక్, రాయపేట ఉన్నాయి. తమిళం రానివాళ్లకు మూడు మాటలు చాలు: చీలమండ అంటే కణుక్కాల్, బెణుకు అంటే సుళుక్కు, వాపు అంటే వీక్కం. వేలు పెట్టి "ఇంగె వలిక్కుదు" అంటే ఇక్కడ నొప్పి అని.

3. వెనకా పైనా కూడా చూడండి

మడమ వెనక ఎవరో రాయి విసిరినట్టో, కర్రతో కొట్టినట్టో "టప్"మని శబ్దం వచ్చిందా? బోర్లా పడుకుని పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా పెట్టండి. ఇంట్లోవాళ్లను పిక్క పిసకమనండి. మంచి కాలికి పాదం కొద్దిగా కిందికి కదులుతుంది. దెబ్బ తగిలిన కాలికి కదలకపోతే మడమ వెనక లావుపాటి నరంలా కనబడే తంతువు, అంటే అకిలిస్, తెగిందన్నమాట. ఇది బెణుకు కాదు. రోజులు గడిచేకొద్దీ వైద్యం కష్టమవుతుంది, కాబట్టి వెంటనే వెళ్లండి.

మోకాలికి కాస్త కింద, కాలి బయటి వైపు తగిలే ఎముక మీదా నొక్కి చూడండి. పాదం బయటికి తిరిగి పడినప్పుడు చీలమండ దగ్గర మొదలైన దెబ్బ ఒక్కోసారి పైకి పాకి అక్కడ ఎముకను విరగ్గొడుతుంది. నొప్పి చీలమండకు పైన, ముందువైపు ఎక్కువగా ఉండి, పిక్క మధ్యలో రెండు ఎముకల్నీ దగ్గరికి నొక్కితే చీలమండ దగ్గర సలుపుతుంటే ఆ బెణుకు వేరే రకం. మానడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఈ రెండింటికీ డాక్టరు చూడాలి.

ఇవేవీ లేవు, మామూలు బెణుకే అని తేలిందా? అయితే ఇక ఇంట్లో పని.

4. మొదటి మూడు రోజులు

పడుకున్నప్పుడు రెండు దిళ్ల మీద పాదం గుండె కంటే ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు మీద కాలు పెడితే అది గుండె ఎత్తు కాదు. వాపు తగ్గలేదనేవాళ్లలో సగం మంది చేస్తున్నది ఇదే.

ఐసును తడిపి పిండిన తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి చాలు. ఐసు నొప్పి తగ్గించడానికే, లిగమెంటును అది అతికించదు. నేరుగా చర్మం మీద పెట్టినా, పెట్టుకుని నిద్రపోయినా చర్మం కాలినట్టు పొక్కుతుంది.

నొప్పికి 500 లేదా 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర, ఆరు గంటల ఎడంతో, పెద్దవాళ్లకు రోజుకు నాలుగు మించకుండా. కాలేయం జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడిగాకే వేసుకోండి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కిడ్నీ సమస్య, కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ, గర్భిణులూ డాక్టర్ని అడగకుండా మింగొద్దు.

ఈ మూడు రోజులూ చేయకూడనివి: వేడి కాపడం, వేన్నీళ్ల తొట్టి, మద్యం, పరుగు, మర్దన. మా అమ్మా మొదట చేసేది ఉప్పు మూటతో కాపడమే. అప్పటికి హాయిగానే ఉంటుంది. కానీ లోపల చిరిగినచోట ఇంకా రక్తం ఊరుతున్న సమయంలో వేడి పెడితే వాపు పెరుగుతుంది. పసుపు, సున్నం పట్టు వేసుకోవాలనిపిస్తే సున్నం చర్మాన్ని పొక్కిస్తుందని గుర్తుంచుకోండి. ఎండిన పట్టు గట్టిగా అంటుకుపోతే వాపునూ కమిలిన చోటునూ చూసుకోవడానికీ ఉండదు.

5. క్రేప్ బ్యాండేజీ చుట్టడం

కూర్చుని, పాదాన్ని పిక్కకు లంబంగా, గోడకు ఆనించినట్టు పెట్టండి. పాదం కిందికి వాలిపోయి ఉండగా చుట్టకండి. వేళ్ల మొదట్లో మొదలుపెట్టండి, వేళ్లు మాత్రం బయటికి కనబడాలి. పాదం పైన బయటి నుంచి లోపలికి, అరికాలి కింద లోపలి నుంచి బయటికి. అంటే ప్రతి చుట్టూ పాదం బయటి అంచును పైకి ఎత్తినట్టు లాగాలి. పాదం చుట్టూ రెండు చుట్లయ్యాక ఏటవాలుగా చీలమండ మీదుగా వెనక్కి, అక్కడి నుంచి మళ్లీ అరికాలి కిందికి, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పండి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. గిలకల పైన నాలుగు వేళ్ల ఎత్తు దాకా వచ్చి ఆపండి. మడమ దగ్గర కిటికీలా ఖాళీ వదిలితే వాపంతా అక్కడికే చేరుతుంది.

బిగింపు విషయంలో అందరూ తప్పు చేస్తారు. పట్టీని పూర్తిగా సాగదీయకూడదు, సగం సాగితే చాలు. చుట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా విప్పేసి వదులుగా చుట్టండి. పది నిమిషాల తర్వాత ఇంకోసారి నొక్కి చూడండి. రాత్రి పడుకునేటప్పుడు విప్పేయండి.

పుత్తూరు కట్టు సంగతి. తిరుపతి దారిలోని పుత్తూరు పేరుతో చెన్నైలో చాలా పేటల్లో బోర్డులు కనబడతాయి. మనవాళ్లకు తరాల నమ్మకం అది, దాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది రెండే. కట్టు ఎవరు కట్టినా ముందు ఎక్స్‌రే ఉండాలి. ఇక ఎముక విరగని మామూలు బెణుకుకు బద్దలు పెట్టి మూడు వారాలు కదలకుండా కట్టడం మేలు చేయదు. కీలు బిగుసుకుపోతుంది, పిక్క సన్నబడుతుంది, విప్పిన తర్వాత నడక నేర్చుకోవడానికి ఇంకో నెల పడుతుంది.

6. నడక, మెట్లు, కూర్చోవడం

నొప్పి భరించగలిగితే రెండో రోజు నుంచే ఆ కాలు మీద కొద్దికొద్దిగా బరువు పెట్టండి. చేతికర్ర దెబ్బ తగిలిన కాలి వైపు కాదు, మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. పాదం గాల్లో పెట్టి గెంతుతూ తిరగడం కంటే మడమ ముందు ఆనించి, వేళ్లతో నెట్టి, చిన్నచిన్న అడుగులు వేయడం మంచిది. వారాల తరబడి కుంటితే మోకాలూ తుంటీ కూడా నొప్పి మొదలుపెడతాయి.

నేల మీద సక్లముక్లం వేసుకుని కూర్చుంటే బయటి గిలక నేలకు ఒత్తుకుని పాదం లోపలికి మడత పడే ఉంటుంది. సాగిన లిగమెంటును గంటలకొద్దీ ఇంకా సాగదీసినట్టే. మూడు వారాలు భోజనం టేబుల్ దగ్గరే చేయండి. ధనుర్మాసంలో ముగ్గు వేసేవాళ్లు గొంతుక్కూర్చోకుండా పీట వేసుకోండి, లేదా ఈ ఒక్క నెలా ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. వేళ్ల మధ్య పట్టీ ఒక్కటే ఉండే హవాయి చెప్పులు పక్కన పెట్టండి, ముఖ్యంగా తడి బాత్రూంలో.

బైకు విషయంలో తొందరపడకండి. ఎడమ కాలు గేరుకు, కుడి కాలు వెనక బ్రేకుకు. బండి స్టాండు వేసి ఉండగానే బ్రేకును ఒక్కసారిగా గట్టిగా తొక్కి చూడండి. ముఖం చిట్లిందంటే ఇంకా రోజు రాలేదు.

7. మూడో రోజు నుంచి కదలిక

గాల్లో బొటనవేలితో అ నుంచి అః వరకు రాయండి. మన అక్షరాలు గుండ్రటివి, చీలమండ అన్ని వైపులా తిరగడానికి ఇంతకంటే మంచి ఎక్సర్‌సైజు ఉండదని నా అభిప్రాయం. రోజుకు మూడుసార్లు. మోకాలు కదలకూడదు, రాసేది పాదం. చాలామంది కాలు మొత్తం ఊపేస్తారు, అందుకే తొడ కింద దిండు పెట్టుకోండి.

దాంతోపాటు కాలు చాపి కూర్చుని, తువ్వాలును పాదం ముందు భాగానికి తగిలించి మీ వైపు లాక్కోండి. పిక్కలో లాగినట్టు ఉండాలి, గిలక దగ్గర పొడిచినట్టు ఉండకూడదు. 30 సెకన్లు పట్టి ఉంచి వదలండి, మూడుసార్లు.

ఎంత నొప్పి దాకా చేయొచ్చు? పదికి మూడు దాటకూడదు. చేసిన మర్నాడు పొద్దున వాపు ముందు రోజు కంటే పెరిగితే ఎక్కువ చేశారన్నమాట. సగానికి తగ్గించండి, పూర్తిగా ఆపేయకండి.

8. రెండో వారం నుంచి బలం

రబ్బరు పట్టీని బల్ల కాలికి కట్టి, రెండో కొసను పాదం బయటి అంచుకు తగిలించండి. మడమ నేల మీదే ఉంచి పాదాన్ని బయటికి నెట్టండి, రెండు సెకన్లు ఆగి నెమ్మదిగా లోపలికి రానివ్వండి. పదిహేను చొప్పున మూడు విడతలు. తిరిగి వచ్చేటప్పుడు పట్టీ లాగినట్టల్లా పాదాన్ని వదిలేస్తే సగం ఫలితం పోతుంది.

వంటగది గట్టు పట్టుకుని రెండు మడమలూ ఎత్తండి, దించండి. పదిహేను సునాయాసంగా వచ్చాక ఒంటి కాలి మీద. ఆ తర్వాత పక్కకు తిరిగి పడుకుని పై కాలును మోకాలు వంచకుండా అడుగు ఎత్తు లేపి దించండి. చీలమండకు దెబ్బ తగిలితే తుంటి ఎక్సర్‌సైజు ఎందుకని అడుగుతారు. ఒంటి కాలి మీద నిలబడినప్పుడు నడుము ఒక పక్కకు వాలకుండా పట్టేది తుంటి పక్కనున్న కండరమే. అది బలహీనంగా ఉంటే మోకాలు లోపలికి పడుతుంది, బరువు పాదం అంచు మీదికి పోతుంది, మళ్లీ మడత.

9. ఒంటి కాలి మీద నిలబడటం, వదిలేయకూడని పని

నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక నవంబరులో బస్సు దిగుతుంటే నా కుడి కాలు మడత పడింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. రెండు వారాలకు వాపు పోయింది, నొప్పి పోయింది, పనిలోకి వెళ్లిపోయాను. అదే నెల చివర్లో మా ఇంటి మెట్లు దిగుతుంటే, ఏ గుంతా లేదు, ఏ తడీ లేదు, అదే కాలు అలాగే మడత పడింది. ఈసారి ఆరు వారాలు పట్టింది. అప్పుడు ఒంటి కాలి మీద నిలబడి చూసుకుంటే ఎడమ కాలి మీద నిమిషం నిలబడగలిగిన నేను కుడి కాలి మీద ఆరు సెకన్లకే తూలిపోయాను. రోజూ ఇతరులకు చెప్పే పని నేను చేసుకోలేదు.

లిగమెంటులో పాదం ఏ వైపు వాలుతోందో మెదడుకు చెప్పే నరాల కొసలు ఉంటాయి. బెణుకుతో అవీ దెబ్బ తింటాయి. పాదం వాలుతున్న కబురు ఆలస్యంగా అందుతుంది, అందేసరికి కాలు మడత పడిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ నేర్పాలి, ఇంకో దారి లేదు.

చెప్పులు లేకుండా, గుమ్మం మధ్యలో నిలబడండి. రెండు పక్కలా పట్టుకోవడానికి చట్రం ఉంటుంది. నొప్పి కాలి మీద నిలబడి రెండో కాలు ఎత్తండి. మొదటి లక్ష్యం 30 సెకన్లు. వేళ్లతో నేలను గోరినట్టు పట్టుకోకండి. మోకాలు బిగించకుండా కొద్దిగా వదులుగా ఉంచండి. అద్దం ముందు చేస్తే నడుముకు రెండు పక్కలా ఒకే ఎత్తు ఉందో లేదో తెలుస్తుంది. 30 సెకన్లు వచ్చాక తల అటూ ఇటూ తిప్పుతూ, తర్వాత దిండు మీద నిలబడి, చివరికి నేల మీదే కళ్లు మూసుకుని 10 సెకన్లు. కళ్లు మూయగానే చీలమండ చుట్టూ కండరాలు టకటకా కొట్టుకోవడం తెలుస్తుంది. అది జరగాలి, భయపడకండి.

పళ్లు తోముకునేటప్పుడు చేస్తే రోజుకు రెండుసార్లు మర్చిపోకుండా అయిపోతుంది. అరవై దాటినవాళ్లు ఇంట్లో ఇంకొకరు పక్కనుండగా, గట్టు మీద ఒక చెయ్యి ఆనించే చేయండి. తల తిరిగే జబ్బున్నవాళ్లు కళ్లు మూసే భాగం వదిలేయండి. ఆరు వారాలు ఆపకండి, నొప్పి మూడో వారానికే పోయినా సరే.

10. తగ్గిందో లేదో పరీక్షించుకోండి

ప్రతిదీ మంచి కాలితో పోల్చి చూడాలి.

గోడకు ఎదురుగా నిలబడి బొటనవేలిని గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టండి. మడమ లేవకుండా మోకాలు గోడకు తగిలించండి. తగిలితే పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ ఎంత దూరం దాకా తగులుతుందో చూడండి. రెండు కాళ్లకూ ఒక వేలి వెడల్పు మించి తేడా ఉండకూడదు. తేడా ఉందంటే చీలమండ ఇంకా బిగుసుకునే ఉంది. దేశీ మరుగుదొడ్డి మీద కూర్చోవడం కష్టమనిపించేదీ అందుకే.

ఒంటి కాలి మీద మడమ ఎత్తడం: మంచి కాలికి 20 వస్తే రెండోదానికి 18 అయినా రావాలి.

కళ్లు మూసుకుని నిలబడటం: రెండు కాళ్లకూ దాదాపు సమానం.

ఆటలాడేవాళ్లకు ఇంకొకటి. నేల మీద గీత గీసి, ఒంటి కాలితో దానికి అటూ ఇటూ పది గెంతులు. నొప్పి ఉండకూడదు, దిగినప్పుడు తూలకూడదు. ఇది రానిదే క్రికెట్టూ షటిలూ వద్దు. వచ్చాక కూడా కొన్ని నెలలు ఆడేటప్పుడు లేసుల యాంకిల్ బ్రేస్ వేసుకోండి. ఇంట్లో రోజంతా వేసుకుని తిరగొద్దు.

మెరీనాలో నడుస్తానంటారు చాలామంది, ఇసుక మెత్తగా ఉంటుంది కదా అని. మెత్తగా ఉండటమే సమస్య, ప్రతి అడుగూ ఒక పక్కకు కుంగుతుంది. నీళ్ల అంచున గట్టి ఇసుక కూడా సముద్రం వైపు వాలుగా ఉంటుంది. పై పరీక్షలన్నీ అయ్యేదాకా రోడ్డు పక్క నడకబాటే మీకు మంచిది.

ఎన్నాళ్లు పడుతుంది, ఎప్పుడు మళ్లీ చూపించాలి

తేలికపాటి బెణుకు ఒకటి రెండు వారాల్లో మామూలు నడకకు వస్తుంది. కొంత చిరిగితే మూడు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తెగితే రెండు మూడు నెలలు. కమిలిన నలుపు రెండో మూడో రోజున వేళ్ల దగ్గరికి దిగుతుంది. అది కొత్త దెబ్బ కాదు, రక్తం కిందికి జారడమే. సాయంత్రాల్లో కొద్దిపాటి వాపు ఇంకొన్ని వారాలు ఉండొచ్చు.

ఐదారు రోజులైనా బరువు పెట్టలేకపోతే, ఆరు వారాలకూ నొప్పి అలాగే ఉంటే, కీలు లోపల ఏదో అడ్డుపడి పట్టేసినట్టు అనిపిస్తే, సమతలం మీద కూడా కాలు మడత పడుతుంటే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొదటి ఎక్స్‌రేలో కనబడని పగుళ్లు, కీలు లోపలి మృదులాస్థి దెబ్బలు ఆ తర్వాత ఎక్స్‌రేలోనో ఎమ్మారైలోనో బయటపడతాయి. పిక్క మొత్తం వాచి, బిగుసుకుని, నొక్కితే నొప్పి పెడుతుంటే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. దానికి తోడు ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్మ్, వేసుకున్న మందుల చీటీ, రోజూ వేసుకునే చెప్పుల జత తీసుకెళ్లండి. చెప్పుల మడమ బయటి అంచు ఒక పక్కకే అరిగి ఉంటే కాలు అటు వాలుతోందని చూడగానే తెలిసిపోతుంది. ఆ జత మాత్రం మళ్లీ వేసుకోకండి.